నిచ్చెనకి వేసిన తాళం

అమ్మమ్మకి అరవై మూడేళ్ళు. ఆవిడ లెక్క ప్రకారం మోకాళ్ళకి మాత్రం ఇంకా నలభై నిండలేదు. ఆ లెక్క మోకాళ్ళకి తెలియదు కాబట్టి నేల మీద నడిచేటప్పుడు అవి పాత తలుపు బందుల్లా కిర్రుమంటూ ఉంటాయి. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టిందంటే చాలు, కిక్కురుమనవు. పెద్దవాళ్ళు గదిలోకి రాగానే నోరు మూసుకునే పిల్లల్లా బుద్ధిగా పైకి నడుస్తాయి.

అది పదహారు మెట్ల అల్యూమినియం నిచ్చెన. నాలుగో మెట్టుకి నల్ల టేపు చుట్టి ఉంటుంది, తొమ్మిదో మెట్టు కొంచెం కుడివైపుకి వంగింది. ఆ వంకర ఎప్పుడు వచ్చిందో అమ్మమ్మ చెప్పదు. తాతయ్య చెప్పబోతే ఒక చూపు చూస్తుంది, ఆయన మాట మార్చేస్తాడు.

తాతయ్య గురించి కూడా ముందే చెప్పాలి, లేకపోతే ఆడమనిషి నిచ్చెన ఎక్కడం ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన టెలిఫోను తీగలు లాగే పనిలో ఉండేవాడు. ఖాకీ చొక్కా, నడుముకి బెల్టు, చెవి వెనక పెన్సిలు, అన్నీ ఉండేవి. ఒక్కటే లోపం. రెండో మెట్టు దాటితే ఆయన కళ్ళ ముందు భూమి గిర్రున తిరిగేది. ఈ సంగతి దాచి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళైన మూడో వారంలో మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని వెళ్ళిన అమ్మమ్మకి, మూడో మెట్టు మీద నిచ్చెనని వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కదలకుండా నిలబడిపోయిన మొగుడు కనిపించాడు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఆయనకే తెలియదు.

అమ్మమ్మ క్యారియరు కింద పెట్టింది. "దిగండి," అంది.

ఆయన దిగాడు. ఆవిడ ఎక్కింది. తీగ ఎక్కడ బిగించాలో ఆయన కింద నుంచి చెప్పాడు, పైకి చూడకుండానే. అన్నం చల్లారిపోయింది గానీ పని మాత్రం అయిపోయింది. ఆ రోజు నుంచి నలభై ఏళ్ళు వాళ్ళ కాపురం అలాగే సాగింది. పైన ఆవిడ, కింద ఆయన, మధ్యలో నిచ్చెన. తర్వాత ఉద్యోగం మానేసి సొంత దుకాణం పెట్టారు. బోర్డు మీద తాతయ్య పేరే రాయించారు. జనం మాత్రం బోర్డు చదవలేదు. "నిచ్చెనమ్మని పిలవండి," అనేవాళ్ళు.

టెలిఫోను తీగలు పోయి కంప్యూటరు తీగలు వచ్చాయి. ఒక్కో తీగలో ఎనిమిది సన్నని రంగు తీగలు. వాటిని వరస తప్పకుండా పేర్చి చివర చిన్న ప్లాస్టిక్ ముక్కలో దూర్చి నొక్కాలి. అమ్మమ్మ ఆ వరసని జపంలా నేర్చుకుంది. నారింజ చార, నారింజ, పచ్చ చార, నీలం, నీలం చార, పచ్చ, గోధుమ చార, గోధుమ. ఇంట్లో చంటిపిల్లల్ని ఆ వరసతోనే నిద్రపుచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో కొందరికి నీలం చార దగ్గరకొచ్చేసరికి ఆవలింత వస్తుంది.

తర్వాత వైఫై వచ్చింది. గోడల మీద, కప్పుల మీద పళ్ళెమంత తెల్ల డబ్బాలు బిగించడం మొదలైంది. వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారని వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, అంటే మామయ్య, చదువుకుని వచ్చి చెప్పాడు. అమ్మమ్మ డబ్బా అనే అంటుంది. మామయ్య దుకాణం గోడకి మూడు సర్టిఫికెట్లు తగిలించాడు, ల్యాప్‌టాప్ కొన్నాడు, వ్యాను కొన్నాడు. పనిమంతుడే. నిచ్చెన విషయంలో మాత్రం అచ్చం తండ్రి పోలిక. ఆ సంగతి తనకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు నెలల కిందట ఒక పాఠశాలలో డబ్బా బిగించి దిగుతుంటే అమ్మమ్మ కాలు నాలుగో మెట్టు మీద జారింది. పెద్దగా ఏమీ కాలేదు. మడమ వాచింది, వారం రోజులు కట్టు కట్టుకుంది, నాలుగో మెట్టుకి టేపు చుట్టింది. కానీ అది జరిగినప్పుడు మామయ్య అక్కడే ఉన్నాడు. కట్టు విప్పే రోజుకి వ్యాను మీద నిచ్చెన ఇనప గొలుసుతో కట్టేసి ఉంది. గొలుసుకి కొబ్బరికాయంత తాళం. చెవి మామయ్య చొక్కా జేబులో.

దుకాణంలో ఒక కొత్త కుర్చీ కూడా వెలిసింది. చక్రాలది, గుండ్రంగా తిరిగేది.

"నీకేనమ్మా," అన్నాడు మామయ్య. "హాయిగా కూర్చుని ఫోన్లు చూసుకో. ఎక్కడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాను."

"కుర్చీ బాగుంది నాన్నా," అంది అమ్మమ్మ. "మీ నాన్నని కూర్చోబెట్టు."

తాను మాత్రం తీగ చుట్ట ఉండే చెక్క రీలు మీద కూర్చుంది. రెండు నెలలూ దాని మీదే కూర్చుంది. నడుము పట్టేసినా సరే, ఆ కుర్చీ వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ సమయంలోనే లాండ్రీ పని వచ్చింది.

అది మామూలు లాండ్రీ కాదు. నాలుగు ఆసుపత్రులు, ఏడు హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు రోజూ అక్కడికే వస్తాయి. ఇన్నాళ్ళూ మూటల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాళ్ళు. ఇప్పుడు యజమాని ప్రతి మూటకీ ఒక చీటీ కుట్టించి, పనివాళ్ళ చేతికి స్కానర్లు ఇచ్చాడు. చీటీ మీద స్కానరు పెడితే బిప్ మంటుంది, ఏ మూట ఎవరిదో ఆఫీసులో కంప్యూటరుకి తెలిసిపోతుంది. అది తెలియాలంటే హాలంతా వైఫై ఉండాలి. ఆ పని మామయ్యకి అప్పజెప్పాడు.

మామయ్య హాలు కొలిచి వచ్చి ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీశాడు. వైఫై అందే చోట పచ్చ రంగు, అందని చోట ఎరుపు. బొమ్మ మొత్తం పచ్చగా ఉంది. రెండు డబ్బాలు, రెండూ కప్పుకి. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఎప్పుడు కొలిచావురా?"

"నిన్న. వాళ్ళకి సెలవు."

"హాల్లో ఏమున్నాయి?"

"ఏమీ లేవు. ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఖాళీగా ఉంటేనే కదమ్మా సరిగ్గా కొలవగలిగేది? పనిరోజున ఆ మిషన్ల మోతలో తలనొప్పి."

"ఖాళీ హాలుకి వైఫై ఎందుకురా?"

మామయ్య నిట్టూర్చాడు. "అమ్మా, దీనికో లెక్కుంటుంది."

"ఉంటుంది. నువ్వు మనుషులు లేనప్పుడు లెక్కపెట్టావు. ఒకసారి పనిరోజున నన్ను తీసుకెళ్ళు, కర్రతో చూసి వస్తాను."

కర్ర అంటే బూజుకర్ర. అమ్మమ్మ పద్ధతి అది. ఎక్కడైనా డబ్బా బిగించే ముందు దాన్ని బూజు దులిపే పొడుగు కర్ర చివర కట్టి, పొడుగు తీగ తగిలించి, కప్పు కింద ఇక్కడా అక్కడా ఎత్తి పట్టుకుంటుంది. ఇంకొకరు ఫోను పట్టుకుని గదంతా తిరిగి అందుతోందో లేదో చెబుతారు. అంతా అయ్యాకే గోడకి మేకు. ఇన్నేళ్ళలో ఒక్క డబ్బానీ ఒకచోట బిగించి ఇంకోచోటికి మార్చలేదు. మామయ్యకి ఆ కర్ర చూస్తే తల కొట్టేసినట్టుంటుంది. కర్ర చివర సగం ఊడిన చీపురు పుల్లలు ఇంకా వేలాడుతూ ఉంటాయి మరి.

"ఆ కర్ర పట్టుకుని నువ్వు నా క్లయింట్ల దగ్గరికి రావద్దు," అన్నాడు. "నీకు నిచ్చెన ఎక్కాలనుంది, అందుకే ఈ వంకలు."

అమ్మమ్మకి ఒళ్ళు మండింది. సగం ఆ మాట తప్పైనందుకు, సగం ఒప్పైనందుకు.

"అయితే పందెం," అంది. "నీ బొమ్మలో చుక్కలు పెట్టినచోటే బిగించు. పనిరోజున హాలంతా సరిగ్గా పనిచేస్తే నిచ్చెన మాట ఇక ఎత్తను. ఆ తిరుగుడు కుర్చీలో కూర్చుని తిరుగుతాను, సరేనా?"

"పనిచెయ్యకపోతే?"

"తాళంచెవి నాకిచ్చేస్తావు. నేను దిగాల్సిన రోజు నేనే దిగుతాను. ఇంకెవరూ చెప్పరు."

మామయ్య పచ్చటి బొమ్మ వైపు ఒకసారి చూసుకుని ధైర్యంగా చెయ్యి కలిపాడు. తాతయ్య పేపరు వెనక నుంచి ఒక్క మాటే అన్నాడు. "ఒరేయ్, మీ అమ్మతో పందెమా?"

తర్వాతి సెలవు రోజున మనుషులు వెళ్ళి డబ్బాలు బిగించి వచ్చారు. మర్నాడు పొద్దున తొమ్మిదికి మామయ్య లాండ్రీ నుంచి ఫోను చేశాడు. "అమ్మా, వింటున్నావా?" అన్నాడు. వెనక బిప్ బిప్ బిప్ అని ఒకటే చప్పుడు. ఫోను స్కానర్ల దగ్గరగా పెట్టి మరీ వినిపించాడు. అమ్మమ్మ మూతి ముడుచుకుని ఫోను పెట్టేసింది. చక్రాల కుర్చీ గాలికి కాస్త ఆవిడ వైపు తిరిగినట్టు అనిపించింది.

పదింబావుకి లాండ్రీ సూపర్‌వైజరు ఫోను చేసింది. ఆ మిషన్ల మోతలో గొంతు వినపడదని ఆవిడ మెడలో ఈల వేసుకుని దానితోనే అందరికీ పనులు చెబుతుంది. అందుకని అందరూ ఆవిడని ఈలమ్మ అంటారు. ఫోన్లో ఈల పనికిరాదు కాబట్టి అరుస్తుంది.

"స్కానర్లు చచ్చిపోయాయండీ! ఒక్కటీ కూత పెట్టట్లేదు!"

మామయ్యకి ఆ రోజు వేరే చోట పని. సాయంత్రం అయిదింటికి వెళ్ళాడు. వెళ్ళేసరికి అన్నీ బిప్ మంటున్నాయి. రెండో రోజు కూడా అంతే. పదింటికి పోవడం, నాలుగింటికి రావడం, అయిదింటికి మామయ్య వెళ్ళి పచ్చగా ఉందని చూసుకోవడం. మామయ్య డబ్బాల్ని ఆపి మళ్ళీ వేశాడు. శక్తి పెంచాడు. స్కానర్లు నాసిరకం అన్నాడు. చివరికి, "వాళ్ళకి వాడటం రాదు," అన్నాడు.

"పొద్దున తొమ్మిదింటికి వచ్చిన వాడకం పదింటికి మర్చిపోతారా?" అంది అమ్మమ్మ.

మూడో రోజున పెద్ద గొడవే అయింది. స్కానర్లు పనిచెయ్యక, పాత సుద్ద గుర్తులు లేక, మూటలు తారుమారయ్యాయి. ఒక హోటల్లో కొత్తగా పెళ్ళైన జంట గదిలోకి ఆపరేషను గౌన్లు వెళ్ళాయి. ఒక ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు ఆపరేషనుకి సిద్ధమై చెయ్యి చాస్తే నర్సు గులాబీ పువ్వుల దిండు గలీబు అందించింది. నాలుగో రోజు పొద్దున్నే యజమాని మామయ్యకి ఫోను చేశాడు. స్పీకరు వేసి ఉండటంతో దుకాణంలో అందరికీ వినపడింది.

"ఇవాళ సాయంత్రం లోపల పనిచెయ్యాలి. లేకపోతే మీ డబ్బాలు మీరు పీక్కుపోండి. మాకు సుద్దముక్కే నయం. ఎవరైనా అడిగితే మీ దుకాణం సంగతి కూడా చెబుతాను."

మామయ్య ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మని చూస్తూ కూర్చున్నాడు. బొమ్మ పచ్చగానే ఉంది. చెవి దగ్గర చెమట కారుతోంది. అమ్మమ్మకి పందెం గెలిచినట్టే. కానీ ఆవిడకి అది గెలుపులా అనిపించలేదు. నలభై ఏళ్ళు తన కాళ్ళ మీద నిలబడిన దుకాణం పేరు ఇప్పుడు ఒక సుద్దముక్క కంటే కింద పడిపోతోంది.

మామయ్య ఎవరికో ఫోను చెయ్యడానికి బయటికి వెళ్ళగానే, అవసరానికి ఉంటుందని అతను అన్నీ సిద్ధం చేసి అట్టపెట్టెలో ఉంచిన మూడో డబ్బాని అమ్మమ్మ తీసుకుంది. తీగ చుట్ట భుజాన వేసుకుంది. నడుముకి పనిముట్ల సంచి కట్టుకుంది. మూలనున్న బూజుకర్ర అందుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు తాతయ్య.

"పనికి."

"నిచ్చెనకి తాళం ఉందిగా?"

"నిచ్చెన కావాలని ఎవరన్నారు? ఇప్పటికి కర్ర చాలు. మీరు వస్తారా, ఆ కుర్చీలో తిరుగుతారా?"

తాతయ్య చెప్పులు వేసుకున్నాడు. బస్సులో కండక్టరు కర్రకి కూడా టికెట్టు తీసుకోవాలన్నాడు. అది కూర్చోదు కదా, నిలబడే వస్తుంది కదా అని అమ్మమ్మ వాదించింది. దిగాల్సిన చోటు వచ్చేదాకా ఆ వాదన తెగలేదు.

లాండ్రీ హాలు రైల్వే ప్లాట్‌ఫారమంత పొడుగు. ఒక పక్క గుండ్రటి మూతల మిషన్లు వరసగా గుడగుడమంటున్నాయి. రెండో పక్క మూటలు విడదీసే బల్లలు. గాల్లో సబ్బు వాసన, ఆవిరి. పైన కప్పుకి దగ్గరగా రెండు తెల్ల డబ్బాలు, చిన్న నీలం దీపాలు వెలిగించుకుని, తమకేమీ తెలియదన్నట్టు కూర్చున్నాయి. టైము తొమ్మిదిన్నర. బల్లల దగ్గర స్కానర్లన్నీ బిప్ బిప్ మంటున్నాయి.

"చూశారా పిన్నిగారూ," అంది ఈలమ్మ. "ఇప్పుడు ఎంత బుద్ధిగా ఉన్నాయో. పదవనివ్వండి, వాటి అసలు బుద్ధి చూపిస్తాయి."

"పదింటికి ఏం చేస్తారు మీరు?"

"ఏముంది, పనే."

అమ్మమ్మ ఒక బకెట్ బోర్లించి కూర్చుంది. తాతయ్య పక్కనే నిలబడ్డాడు. అరగంట సేపు ఆవిడ ఒక్కొక్కరి పనీ గమనించింది. కొన్ని మిషన్లు ఆగాయి. మనుషులు తడి దుప్పట్లు తీసి, నేలకి దగ్గరగా దించి ఉన్న పొడుగాటి గొట్టాల మీద ఆరేశారు. ఒక గొట్టం, దాని పక్కన ఇంకో గొట్టం, అలా ఇరవై. సరిగ్గా పదింటికి ఈలమ్మ రెండుసార్లు ఈల వేసింది. గోడ పక్కన నిలబడ్డ మనుషులు తాళ్ళు లాగారు. కప్పీలు కీచుమన్నాయి. ఇరవై గొట్టాలూ దుప్పట్లతో సహా మెల్లగా పైకి లేచి కప్పు కింద ఆగాయి, పైనున్న వేడిగాలి ఫ్యాన్ల కింద ఆరడానికి.

బిప్. బిప్. ఒక బల్ల దగ్గర ఆగింది. తర్వాత రెండో బల్ల. దుప్పట్లు పైకి వెళ్ళే కొద్దీ ఒక్కో స్కానరూ గొంతు పోగొట్టుకుంది. చివరికి మిషన్ల మోత తప్ప ఏమీ మిగల్లేదు.

అమ్మమ్మ తల పైకెత్తి చూసింది. డబ్బాలు కనపడలేదు. నీలం దీపాలూ కనపడలేదు. ఇరవై వరసల తడి బట్ట. ఆవిడ నుదుటి మీద టప్పున ఒక చుక్క పడింది.

"ఏవండీ," అంది తాతయ్యతో. "మీవాడు డబ్బాల్ని దుప్పటి కప్పి నిద్రపుచ్చాడు."

నాలుగింటికి దుప్పట్లు ఆరతాయి, దించుతారు. అయిదింటికి మామయ్య వస్తాడు. అప్పుడు అంతా పచ్చ. సెలవు రోజున హాలు ఖాళీ. అప్పుడూ పచ్చే. ఎరుపు రంగు రోజూ పదింటికి ఈలతో పైకెక్కి నాలుగింటికి దిగిపోతోంది, పాపం మామయ్యకి అది ఎదురుపడనే లేదు.

అమ్మమ్మ పని మొదలెట్టింది. తీగ కొస ఒలిచి నారింజ చార, నారింజ, పచ్చ చార అని గొణుక్కుంటూ ప్లాస్టిక్ ముక్కలో దూర్చి నొక్కింది. కరెంటూ నెట్టూ ఒకే తీగలో వస్తాయి కాబట్టి ఇంకేమీ అక్కర్లేదు. ఆఫీసు గదిలో స్విచ్ పెట్టె దగ్గర పైనున్న రెండు డబ్బాల తీగలూ పీకించి తన తీగ పెట్టించింది. మూడో డబ్బాకి చుక్కలు పడకుండా లాండ్రీవాళ్ళ ప్లాస్టిక్ కవరు తొడిగి, బూజుకర్ర చివర కట్టి, హాలు మధ్య స్తంభం పక్కన పైకెత్తింది.

"నువ్వు స్కానరు పట్టుకుని నడువమ్మా," అంది ఈలమ్మతో. "మోగితే ఒక ఈల. మోగకపోతే రెండు."

"రెండు వేస్తే తాళ్ళు లాగేస్తారు పిన్నిగారూ!"

"అయితే మోగకపోతే ఊరుకో."

కర్ర దుప్పట్ల కంటే కిందుగా ఉన్నంతసేపు, తొమ్మిది అడుగుల ఎత్తులో, ఈల మోగుతూనే ఉంది. మొదటి బల్ల, నాలుగో బల్ల, హాలు చివర తలుపు దాకా. కర్ర పైకి తోసి డబ్బాని దుప్పట్ల మధ్యలోకి దూర్చగానే ఈల ఆగిపోయింది. దించితే మోగింది. మళ్ళీ తోస్తే ఆగింది. మిషన్ల దగ్గర మనుషులు పని ఆపి నవ్వుతూ చూస్తున్నారు. ఒకాయన, "జెండా ఎగరేస్తున్నారా అమ్మగారూ?" అన్నాడు.

"అవును. వందనం చేసి పని చూసుకో."

అప్పుడే మామయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని. తాతయ్య ఫోను చేసి చెప్పాడని వేరే చెప్పక్కర్లేదు. తాతయ్య స్తంభం వెనక్కి జరిగాడు.

"అమ్మా! ఆ కర్ర దించు ముందు! అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. నాలుగు రోజులుగా నీ డబ్బాల్ని చూస్తున్నారు, ఇవాళ నా కర్రని చూస్తారు."

"లెక్క ప్రకారం ఇక్కడ వైఫై అందాలి. ఇదిగో చూడు, ఎక్కడా ఎరుపు లేదు." ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకున్నాడు. దాని మీద, సరిగ్గా పచ్చటి బొమ్మ నడి మధ్యలో, ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. మామయ్య మెల్లగా తల పైకెత్తాడు.

"ఇవి సెలవు రోజున లేవు," అన్నాడు ల్యాప్‌టాప్ మూస్తూ.

"సెలవు రోజున ఎవరూ దుప్పట్లు ఉతకరు నాన్నా. ఇంద, స్కానరు పట్టుకో. నువ్వే నడువు. నా మాట వద్దు, దాని మాట విను."

మామయ్య నడిచాడు. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి, బల్లల మధ్య నుంచి. బిప్, బిప్, బిప్. తిరిగి వచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది గానీ కళ్ళలో పని కనపడింది. అమ్మమ్మకి అదే కావాలి.

"స్తంభాలకి బిగిద్దాం," అన్నాడు. "దుప్పట్ల అంచు కంటే కింద. దీనికొకటి, అటు మూడో స్తంభానికొకటి."

"ఇప్పుడు మా అబ్బాయిలా మాట్లాడావు."

గొడవ విని యజమాని ఆఫీసులోంచి వచ్చాడు. విషయం విన్నాడు, కర్ర వైపు అనుమానంగా చూశాడు, స్కానరు తానే తీసుకుని రెండు మూటలు చూసుకున్నాడు. "సరే. అయితే పైన ఉన్నవి దించి కింద పెట్టండి. ఇవాళే. రేపు పొద్దున ఆసుపత్రి లోడు ఉంది."

"ఎక్కేవాళ్ళు ఇవాళ వేరే ఊళ్ళో ఉన్నారండీ. రేపు మధ్యాహ్నానికి..."

"రేపు మధ్యాహ్నానికి నా దగ్గర సుద్దముక్కలుంటాయి."

వ్యాను గుమ్మం ముందే ఉంది. దాని మీద నిచ్చెన, నిచ్చెనకి గొలుసు, గొలుసుకి తాళం. అమ్మమ్మ కర్ర తాతయ్య చేతికిచ్చింది. అరచెయ్యి చాపి నిలబడింది.

మామయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "అమ్మా, పద్దెనిమిది అడుగులు."

"నాకు తెలుసు. ఇందాకే కళ్ళతో కొలిచాను."

"మొన్నే జారావు."

"జారాను. నలభై ఏళ్ళలో ఒక్కసారి. నువ్వు నడక నేర్చుకునేటప్పుడు రోజుకి ఇరవైసార్లు పడ్డావు. నీ కాళ్ళకి నేను తాళం వేశానా?"

"నీకేమన్నా అయితే..." అని ఆగిపోయాడు. ఆ మిషన్ల మోతలో ఆ మాట అమ్మమ్మకి మాత్రమే వినపడింది. ఆవిడ రెండో చేత్తో కొడుకు చెంప మీది చెమట తుడిచింది. అయినా చాపిన చెయ్యి దించలేదు.

"పందెం పందెమేరా. తాళంచెవి."

మామయ్య తాళం తానే తీశాడు. నిచ్చెన దించి, హాల్లోకి తెచ్చి, ఈలమ్మ రెండు ఈలలతో దుప్పట్లు ఒక పక్కకి దింపించాక నిలబెట్టాడు. అంతటితో ఆగలేదు. మొండితనం తల్లి నుంచే వచ్చింది కదా, తానే ఎక్కడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడో మెట్టు మీద ఆగాడు. రెండు చేతులతో నిచ్చెనని వాటేసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. హాలంతా చూస్తోంది. తాతయ్య మాత్రం మొహం తిప్పుకున్నాడు, తన పెళ్ళినాటి ఫోటో ఎవరో బయటపెట్టినట్టు.

అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

"దిగు నాన్నా," అంది మెత్తగా.

అతను దిగాడు. ఆవిడ ఎక్కింది.

కింద తండ్రీ కొడుకూ చెరో పక్కా నిచ్చెన పట్టుకున్నారు. ఇద్దరూ నేల వైపే చూస్తున్నారు. నాలుగో మెట్టు దగ్గర టేపు బాగా పట్టింది. తొమ్మిదో మెట్టు దగ్గర వంకర ఎప్పటిలాగే పలకరించింది. పదకొండో మెట్టు మీద కుడి మోకాలు ఒక్కసారిగా పట్టేసింది. నిచ్చెన మీద ఎప్పుడూ నోరెత్తని మోకాలు. అమ్మమ్మ ఆగి, స్తంభం మీద ఏదో ముఖ్యమైన పగులు ఉన్నట్టు వేలితో తడిమి చూస్తూ ఎనిమిది రంగులూ ఒకసారి మనసులో అనుకుంది. గోధుమ దగ్గరకి వచ్చేసరికి మోకాలు వదిలింది. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం.

"అమ్మా, ఏమైంది?" అని కింద నుంచి గొంతు.

"ఏం కాలేదు! మీ ఇద్దరూ వణకకుండా పట్టుకోండి, నిచ్చెన ఊగుతోంది!"

మొదటి డబ్బా విప్పింది. నిచ్చెన జరిపించి రెండోది విప్పింది. విప్పాక కూడా వెంటనే దిగలేదు. పై నుంచి హాలంతా చూసింది. బల్లలు, మూటలు, తెల్లటి దుప్పట్లు, నోళ్ళు తెరుచుకుని చూస్తున్న మనుషులు, కింద రెండు బట్టతలలు, ఒకటి పూర్తిగా, ఒకటి సగం. ఇక్కడి నుంచి అన్నీ చిన్నగా, చెప్పినమాట వినేలా కనిపిస్తాయి. ఆ తిరుగుడు కుర్చీలోంచి ఎంత తిరిగినా ఇది కనపడదు.

"ఇంక దిగవే!" అన్నాడు తాతయ్య.

"దిగుతాను. నా ఇష్టం వచ్చినప్పుడు."

తర్వాత స్తంభాలకి రెండు డబ్బాలూ బిగించడానికి అయిదో మెట్టు సరిపోయింది. దుప్పట్లు మళ్ళీ పైకి వెళ్ళాయి. ఈసారి ఒక్క స్కానరూ ఆగలేదు. ఈలమ్మ ఆనందం పట్టలేక పొడుగ్గా ఒక ఈల వేసింది. దానికి అర్థమేమిటో తెలియక పనివాళ్ళందరూ టీకి వెళ్ళిపోయారు.

వ్యానులో తిరిగి వస్తూ మామయ్య స్టీరింగు మీద వేళ్ళతో మెట్లు లెక్కపెట్టుకున్నాడు. చివరికి అన్నాడు. "చూశావా అమ్మా, చివరికి అయిదో మెట్టే చాలింది. ఇక నుంచి అయిదు దాకా అయితే..."

"డబ్బాలు దిగాయి నాన్నా," అంది అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ. "నేను దిగలేదు."

మర్నాడు మామయ్య దుకాణం తెరిచేసరికి చక్రాల కుర్చీ కిటికీ ఊచకి గొలుసుతో కట్టేసి ఉంది. అదే గొలుసు, అదే తాళం. నిచ్చెన గోడకి ఆనించి ఉంది, స్వేచ్ఛగా. అమ్మమ్మ తన చెక్క రీలు మీద కూర్చుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఆసుపత్రిలో అయిదో అంతస్తు అట, కప్పు చాలా ఎత్తు అట.

"తాళంచెవి ఏదమ్మా?" అన్నాడు మామయ్య.

అమ్మమ్మ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, కప్పు కింద ఫ్యాను కొక్కెం వైపు గడ్డంతో చూపించింది. అక్కడ, పన్నెండు అడుగుల ఎత్తులో, చెవి తళతళలాడుతూ వేలాడుతోంది.

"కావాలంటే ఎక్కి తీసుకో," అంది.